ఎడమ భుజం ఎముకలు

టాంపినీస్, సింగపూర్, జూన్ 2000, మంగళవారం

యూనివర్సిటీ వాళ్ల ఎముకల జాబితాను కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించడం ఇవాళ పూర్తయిందనుకున్నాను. ధ్రువప్రాంతంలో పాతకాలపు వేటగాళ్ల మకాం తవ్వితే దొరికిన సీల్ జంతువుల ఎముకలవి. "పిల్ల, ఎడమ భుజం, కత్తి గాటు" అని, ఎముకలు వేసిన సంచీ నంబరుతో సహా ఒకేలా ఉన్న లైన్లు కనిపించాయి. ఇంతకుముందు బ్యాంకు ప్రాజెక్టులో చేసినట్టే డూప్లికేట్లనుకుని, ఒకటి ఉంచి మిగతావి తీసేశాను. పాత బ్యాకప్ మీద కూడా ఈ కొత్తదే ఎక్కిపోయింది.

ఈ ఎముకల మీద పరిశోధన చేస్తున్న మాధవిగారు వచ్చి స్క్రీన్ చూశారు.

"అవి డూప్లికేట్లు కావండీ. ఒక సీల్‌కి ఎడమ భుజం ఒక్కటే ఉంటది గదా. ఎన్ని లైన్లుంటే అన్ని పిల్లలను చంపిన్రన్నట్టు."

"సారీ అండీ," అన్నాను.

రేపు మేనేజర్‌కి చెప్పాలి. వచ్చే నెల ఇక్కడి ఉద్యోగానికి నా పాస్ రెన్యూవల్ ఉంది. భయం వేయాలి, వేయడం లేదు.

సాయంత్రం ఆవిడ తవ్వకాల నోటుబుక్కులు తెచ్చిచ్చారు. మళ్లీ టైప్ చేయడం మొదలుపెట్టాను. పిల్ల, ఎడమ భుజం, కత్తి గాటు. ఒక లైను కాపీ చేసి కిందికి అతికిస్తే నిమిషంలో అయిపోయే పని. ఎందుకో చేయబుద్ధి కాలేదు. ఒక్కోదాన్నీ విడిగా కొట్టాను. ఆఫీసు మూసే వేళకి మొదటి నోటుబుక్కు సగమైనా కాలేదు.