తాత అరువిచ్చిన గొంతు

రాజాం
ఫిబ్రవరి 9, శుక్రవారం

తాతా,

ఇవాళ పొద్దున ఆశ్చర్యపోయాను. నువ్వు పోయిన దగ్గర్నుంచి టీవీ ముట్టని నాయనమ్మ తనంతట తానే లోక్‌సభ పెట్టింది. ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ, నీ కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. నాకు పరీక్షల సెలవులు కదా, పుస్తకం పట్టుకుని నేనూ చేరాను.

ఈ అయిదేళ్ళూ సభలో ఒకే పార్టీకి తిరుగులేదు. మూజువాణి ఓటు (ఈ మాట నువ్వే నేర్పావు, పలకడమే నాకెంత ఇష్టమో!) అనగానే "అవును" అని సభ మోగిపోయేది. నువ్వు మాత్రం ధాన్యం కొట్లోంచి లేచొచ్చి మరీ "కాదు!" అని అరిచేవాడివి. ఆ పార్టీకే ఓటేసి ఇదేమిటని అడిగితే, "అవతల గొంతులు తక్కువున్నాయే. ఒకటి అరువిత్తన్నాను, అంతే" అనేవాడివి.

మధ్యాహ్నం ఏదో బిల్లు ఓటుకు వచ్చింది. "అవును" అని హోరెత్తింది. నాయనమ్మ చేట పక్కన పెట్టి, "కాదు!" అంది. నేను నోరెళ్ళబెట్టాను.

"ఏటే, అలా సూస్తన్నావు? మీ తాత ఇంట్లో నాకాడ ఓడీ ఓడీ, ఓడినోళ్ళంటే జాలిపడీవోడు. ఇప్పుడా పని నా నెత్తిన పడింది" అని నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది, తాతా.

రేపే ఈ సభకు ఆఖరి రోజు. పొద్దున్నే నీ కుర్చీ తుడిచి, నాయనమ్మను అందులో కూర్చోమంటాను. కాదంటుందని తెలుసు. అయినా అడుగుతాను.