మా ఊళ్ళో టవర్ ఉందండి

జూన్ 1, సోమవారం. ఉదయం 6:10

ఇవాళ్టి నుంచి దీక్ష. పద్నాలుగు రోజులు!

కారణం: మా అక్క నాగదుర్గకి పదిహేనో తారీకు ఉదయం పదిన్నరకి వీడియో ఇంటర్వ్యూ ఉంది. విశాఖలో పెద్ద ఆస్పత్రి, నర్సు ఉద్యోగం. మార్చిలో ఒకసారి పిలిచారు. రాత్రి డ్యూటీ చేయగలరా అని అడిగారు. అక్క "చేస్తానండి" అంది. ఆ మాట వాళ్ళకి చేరలేదు. సిగ్నల్ పోయింది. ఇంకో అవకాశం ఇస్తూ "ఇదే చివరిసారి" అని మెయిల్లో రాశారు.

అక్క రేపల్లె వెళ్ళి మాట్లాడతానంది. నేను ఒప్పుకోలేదు. సిగ్నల్ పౌరుడి హక్కు. హక్కు గుమ్మంలోకి రావాలి గానీ, హక్కు కోసం మనం ఆటో ఎక్కడమేంటి? బాపట్లలో వినియోగదారుల సభలో పంచిన కరపత్రం చదివి వినిపించాను. ఎనిమిది పేజీలు.

"నీ హక్కుకీ నా ఉద్యోగానికీ ముడేంటిరా?" అంది అక్క.

కానీ పదిహేనునే చేపల వేట నిషేధం ముగిసి పడవలు బయల్దేరతాయి. ఆ రోజు ఆటోలన్నీ ఐసు మోస్తాయి, మనుషుల్ని ఎక్కించుకోవు. అది ఆలోచించి కాస్త మెత్తబడింది.

"సరే. పద్నాలుగు రోజులు నీవి. పదిహేనోది నాది. గుర్తుంచుకో."

నియమాలు:
1. సిగ్నల్ కొలిచే యాప్‌తో రోజుకి మూడుసార్లు, ఐదు చోట్ల కొలవాలి. రాయాలి.
2. ఫోన్‌కి వచ్చే ప్రతి అప్‌డేట్ వెంటనే వేసుకోవాలి.
3. నీళ్ళ ట్యాంకు ఎక్కకూడదు. ఫోన్ మాట్లాడ్డానికి ఊరంతా ట్యాంకు మెట్లెక్కడం బానిసత్వం.
4. కోపం తెచ్చుకోకూడదు.

అంకెలతో కొడతాను ఫోన్ కంపెనీని. అంకెలు అబద్ధం చెప్పవు!

కోపం: సున్నా.

జూన్ 2. మధ్యాహ్నం 12:30

గుమ్మం 117. వంటింటి కిటికీ 114. బడి గోడ 109. ఎండుచేపల పందిరి 98. నాన్న వలలు పెట్టుకునే పాక 119!!

నూట పందొమ్మిది! ఇన్నాళ్ళూ మన పాకలోనే ఇంత సిగ్నల్ పెట్టుకుని ట్యాంకు ఎక్కుతున్నారు జనం.

ప్రతి అంకె ముందూ చిన్న గీత ఒకటి కనిపిస్తోంది. కిరాణా చీటీలో కందిపప్పు ముందు, చింతపండు ముందు పెడతామే, అలాంటి గీత. వదిలేశాను.

నాన్న వల బాగుచేసుకుంటూ తలెత్తి చూశాడు. "ఒరే పూర్ణా, ఈ పాకలో నా ఫోను ఒక్కనాడు మోగలా."

"అనుభవం వేరు నాన్నా, శాస్త్రం వేరు."

నాన్న దారం పళ్ళతో కొరికాడు.

జూన్ 3. సాయంత్రం 6:00

మూడుసార్లూ కొలిచాను. పాక 119, 118, 119. తిరుగులేదు.

అమ్మ ఎండుచేపలు తిరగేస్తూ అంది: "టవర్ కావాలంటే పిచ్చుకల్నడుగు. వాటి కోసమే గదా ఆ టవర్ని తరిమేశావ్."

ఇది అన్యాయం. రెండేళ్ళ కిందట మా కొత్తకాలవపాలెంలో టవర్ వేస్తామని కంపెనీవాళ్ళు వచ్చినమాట నిజమే. టవర్ల వల్ల పిచ్చుకలు అంతరిస్తాయన్న కరపత్రం నేను అప్పుడే చదివి ఉన్నమాట నిజమే. డెబ్భై సంతకాలు పెట్టించాను, వాళ్ళు సామాను ఎత్తుకుని పోయారు. అది పర్యావరణ పోరాటం. ఇది పౌరహక్కుల పోరాటం. రెంటికీ వైరుధ్యం లేదు.

"మరి పిచ్చుకలొచ్చినియ్యా?" అంది అమ్మ.

రాలేదు. దానికి కారణాలు వేరు.

కోపం: సున్నా. (గొంతు పెరిగింది. అది కోపం కాదు, ఉద్వేగం.)

జూన్ 5. ఉదయం 10:30

పాకలో రిహార్సల్. అక్కని తాళ్ళ మోపు మీద కూర్చోబెట్టాను. నా ఫోన్ తనకిచ్చి, తన ఫోన్‌తో నేను బడి దగ్గర్నుంచి వీడియో కాల్ చేశాను. అక్క మొహం ఒకసారి వచ్చి, నోరు తెరిచినట్టే ఆగిపోయింది. నాలుగు నిమిషాలు అలాగే చూశాను.

పరుగెత్తుకుని వెళ్తే, "నువ్వింకా చెయ్యలేదనుకున్నా" అంది.

తప్పు పాకది కాదు. ఫోన్‌లో ఫర్మ్‌వేర్ పాతది. కొత్త అప్‌డేట్ వచ్చి ఉంది: "నెట్‌వర్క్ స్థిరత్వం మెరుగుపరచబడింది." 1.8 జీబీ! నొక్కాను.

మధ్యాహ్నం 1:30. రెండు శాతం.
సాయంత్రం 5:00. మూడు శాతం.

సిగ్నల్ బాగుచేసే అప్‌డేట్ దిగాలంటే సిగ్నల్ కావాలి. దీన్ని కనిపెట్టినవాడు నాకు కనిపిస్తే...

కోపం: అర.

జూన్ 6. ఉదయం 7:15

ట్యాంకు ఎక్కలేదు. ట్యాంకు మెట్ల మీద ఉన్నాను. పైమెట్టుకి రెండు మెట్లు కిందే ఆగాను. అప్‌డేట్ కోసం తప్పలేదు. రెండో నియమం నిలవాలంటే మూడోది కొద్దిగా వంగాలి. పోరాటాల్లో దీన్ని ఎత్తుగడ అంటారు.

పైన కోటిరత్నం అత్త కూతురితో ఫోన్ మాట్లాడుతోంది. నన్ను చూసి ఫోన్‌లోనే కూతురితో అంది: "ఉండవే, జమలయ్యన్నయ్య కొడుకొచ్చాడు. మొన్న బడికాడ మనందర్నీ బానిసలన్నాడే, ఆ అబ్బాయే." తర్వాత నాతో: "పైకి రావయ్యా, అక్కడ సగం బానిసవే."

దిగడానికి మూడున్నర గంటలు పట్టింది. అప్‌డేట్‌కి.

సిగ్నల్ అలాగే ఉంది. బ్యాటరీ గుర్తు మాత్రం గుండ్రంగా మారింది.

జూన్ 9, మంగళవారం. తెనాలి నుంచి వచ్చాక, సాయంత్రం 5:40

నిన్నా మొన్నా రాయలేదు. కొలిచాను, రాయలేదు. ఒకసారి కొలవలేదు కూడా.

ఇవాళ తెనాలి వెళ్ళాను, ఫోన్ కంపెనీ ఆఫీసుకి. నోటుబుక్కు చంకలో పెట్టుకుని, ఏం మాట్లాడాలో రేపల్లె నుంచి రైల్లో నాలుగుసార్లు అనుకున్నాను. ఇంజనీరు పేరు ఫ్రాన్సిస్. కుర్చీ వేశాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. కుర్చీ వేసినవాణ్ణి తిట్టడం చాలా కష్టం.

నోటుబుక్కు మొత్తం తిప్పి చూశాడు.

"బాగా రాశావు తమ్ముడూ. మా కుర్రాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా రాయరు. ఇదేంటి, 119 చుట్టూ నక్షత్రం గీశావు?"

"అన్నిటికంటే ఎక్కువ సిగ్నల్ అక్కడేనండి. అయినా కాల్ నిలవడం లేదు. ఇది మీ మోసం కాదా అని అడుగుతున్నాను!"

ఆయన నా ఫోన్ తీసుకుని యాప్ తెరిచి, అంకె ముందు వేలు పెట్టాడు.

"ఇదేంటి?"

"గీత."

"మైనస్ తమ్ముడూ."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కోపం వచ్చేది, కాస్త సులువుగా ఉండేది.

"అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. 119 అంటే దాదాపు లేనట్టే. ఈ 98 ఉంది చూడు, మీ ఊళ్ళో అదే కాస్త నయం. ఎక్కడిది?"

"ఎండుచేపల పందిరి."

ఫిర్యాదు రాయించుకున్నాడు. మూడు రోజుల్లో కంపెనీవాళ్ళు ఫోన్ చేసి కనుక్కుంటారట. "పలికే నంబర్ ఇవ్వు" అన్నాడు. నాది ఊళ్ళో పలకదు. అమ్మ పొద్దున్నపూట రేపల్లె మార్కెట్లో ఉంటుంది కాబట్టి అమ్మ నంబర్ ఇచ్చాను. ఎంత ముందుచూపు!

జూన్ 10. ఉదయం 9:00

కుర్చీ ఎండుచేపల పందిరి కిందకి మార్చాను. సావిడి చేపల దండెం ఒకవైపు, రొయ్యపొట్టు చాప ఒకవైపు. మధ్యలో అక్క.

"ఇక్కడ కూచుని ఇంటర్వ్యూ ఇయ్యాలా?"

"వాసన వీడియోలో రాదక్కా."

"ఈగలొస్తయ్ గదరా!"

రిహార్సల్: పదకొండు నిమిషాలు. రెండుసార్లే తెగింది. అక్క మధ్యలో ఒళ్ళో పడ్డ సావిడి తీసి పక్కన పెట్టి, "సెలైన్ పెట్టేముందు పేషెంటు పేరు, మందు పేరు సరిచూసుకుంటానండి" అని ఇంకోసారి చెప్పుకుంది. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. బాపట్లలో మూడేళ్ళు హాస్టల్లో ఉండి చదివింది. నాకిప్పుడే గుర్తొచ్చినట్టు ఉంది.

జూన్ 12. మధ్యాహ్నం 2:20

అమ్మ మార్కెట్ నుంచి వచ్చి, బుట్ట దించుతూ తాపీగా చెప్పింది. "నీ కంపెనీ పిల్ల ఫోన్ చేసిందిరా. ఎంత మర్యాదగా మాట్లాడిందనుకున్నావ్! పేరు పెట్టి, పేరంటాలు గారాండీ అంది."

"ఏమడిగింది?"

"టవర్ ఉందామ్మా అనడిగింది."

"నువ్వేమన్నావ్?"

"ఉంది తల్లీ, ఫుల్లుగా ఉంది, నువ్వు గంట కొట్టినట్టు వినపడతన్నావ్ అన్నా."

"అమ్మా! ఆ పిల్ల అడిగింది మన ఊళ్ళో ఇనప టవర్ సంగతి!"

"నాకేం తెల్సు? టవర్ ఉందా అంటే ఫోన్లో టవర్ ఉందా అని గదా. ఊరంతా అట్టాగే అంటాం. నువ్వనవా?"

అంటాను. రోజుకి ఇరవైసార్లు అంటాను. తెనాలిలో రాయించిన ఫిర్యాదులో కూడా "మా ఊళ్ళో టవర్ రావడం లేదు" అనే రాయించాను.

3:05. అమ్మ ఫోన్ పట్టుకుని ట్యాంకు ఎక్కితే మెసేజ్ వచ్చింది. (ఎక్కాను. పైమెట్టు దాకా. ఇంక ఎత్తుగడ లేదు, ఏమీ లేదు.) "గ్రామంలో టవర్ ఉన్నట్టు వినియోగదారు ధ్రువీకరించారు. ఫిర్యాదు ముగించబడినది. మీ సంతృప్తే మా ఆనందం."

కోపం: చెప్పు ఒకటి ట్యాంకు మీది నుంచి కాలవలో పడింది. పడలేదు, విసిరాను.

జూన్ 13.

కొలవలేదు. ఒకే చెప్పు.

జూన్ 14, ఆదివారం. సాయంత్రం 4:45

ఊరంతా హడావుడి. రేపు పడవలు. నాన్న ఇంజనుకి నూనె పోస్తున్నాడు.

ఉదయం కొత్త అప్‌డేట్ వచ్చింది. "సిగ్నల్ సమస్యలు పరిష్కరించబడ్డాయి." రెండో నియమం. వేశాను. ఫోన్ ఆరి వెలిగింది. పైన గీతలుండే చోట ఇప్పుడు ఒక సున్నా, దానికి అడ్డంగా కొట్టివేత. సర్వీస్ లేదు. పందిరిలో లేదు, బడి దగ్గర లేదు, ట్యాంకు మీద కూడా లేదు.

అక్క ఇంటర్వ్యూకి నా ఫోనే వాడాలని మొదటిరోజు నేనే పట్టుబట్టాను. తన ఫోన్ పాతది, అప్‌డేట్లు రావడం ఎప్పుడో మానేసింది.

అక్క తెల్లచీర గంజిపెట్టి ఆరేసింది.

ఇంకా చెప్పలేదు. పొద్దుటికి అదే సర్దుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కదా. రాత్రి విశ్రాంతి ఇస్తే సర్దుకుంటుందని ఎక్కడో చదివాను. చదివాననే అనుకుంటాను.

జూన్ 15, సోమవారం. మధ్యాహ్నం 1:00

వరసగా రాస్తాను.

8:20. అక్క గంజి చీర కట్టుకుని, జుట్టు ముడి వేసుకుని పందిరి కింద కూర్చుంది. ఈగల్ని తోలడానికి ఒక చేతిలో అట్టముక్క. "ఫోను పెట్టరా, ఒకసారి చూసుకుందాం" అంది.

నేను నిలబడ్డాను. సర్దుకోలేదు ఫోన్. ఈసారి కరపత్రం తీయలేదు.

"అక్కా, నా ఫోన్ పోయింది. నిన్ననే పోయింది. ఇక్కడ నీ ఫోన్‌తో కూడా పది నిమిషాలకి మించి నిలవదు. రేపల్లె వెళ్దాం. నువ్వు మొదట్నుంచీ చెప్పింది అదే."

తిడుతుందనుకున్నాను. అట్టముక్క నా మొహాన కొట్టి లేచింది. "నిన్న చెప్తే నా హాస్టల్ బ్లెస్సీ వాళ్ళింటికి బాపట్ల పోయేదాన్ని గదరా! పద!"

8:50. ఆటో లేదు. బస్సు లేదు. ఐసు దించేసి ఖాళీగా తిరిగి వెళ్తున్న ట్రాలీ ఆటోకి అడ్డం నిలబడ్డాను. వెనకాల ఎక్కాం. అడుగున ఇంకా ఐసుపొడి ఉంది. అక్క చీర నడుము కింద మొత్తం తడిసింది.

"వీడియోలో పైనే కదక్కా కనబడేది" అన్నాను.

"నోరు మూసుకో."

9:40. ఎదురుగా ఐసు బళ్ళు వరసగా. ఆగిపోయాం. తప్పుకోమని అరిచాను, ఒక్కడూ కదల్లేదు. కోపం లెక్కపెట్టలేదు.

10:21. రేపల్లె రైల్వే స్టేషన్. ఖాళీ బెంచీ. అక్క పాత ఫోన్ తీసింది. నాలుగు గీతలు. నిండుగా. యాప్ తెరవాలనిపించింది, తెరవలేదు.

10:30. తెరమీద ఒక పెద్దావిడ, పక్కన ఇద్దరు. బెంచీ అవతల నేను ఫోన్‌కి ఎండ పడకుండా నోటుబుక్కు అడ్డం పెట్టి నిలబడ్డాను. ఆ నోటుబుక్కు మొదటిసారి పనికొచ్చింది. పది నిమిషాలు మందుల గురించి, పేషెంట్ల గురించి అడిగారు. అక్క తడుముకోలేదు. ఇంతలో తెనాలి రైలు కూత పెట్టింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు? ఎక్కడున్నారు మీరు?"

"రేపల్లె స్టేషన్లోనండి."

"స్టేషన్లోంచి ఇంటర్వ్యూ ఏంటమ్మా?"

"మా ఊళ్ళో టవర్ లేదండి. పోయినసారి నా మాట మధ్యలో పోయింది అందుకేనండి. ఈసారి మా తమ్ముడు ఊళ్ళోకి తెప్పిస్తానని పద్నాలుగు రోజులు సైన్సు చేశాడండి. రాలేదండి. అందుకని టవరున్న చోటికి నేనే వచ్చానండి."

ముగ్గురూ నవ్వారు. ఇంతకుముందైతే ఆ నవ్వుకి నేను ఫోన్‌లో దూరి సమాధానం చెప్పేవాణ్ణి. నోటుబుక్కు కదలకుండా పట్టుకున్నాను.

"రాత్రి డ్యూటీ చేస్తారా?" అని అడిగింది పెద్దావిడ.

"చేస్తానండి."

ఈసారి చేరింది.

"ఇరవై రెండున వచ్చి జాయినవ్వమ్మా."

అక్క ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, తడి కుచ్చిళ్ళు పిండుకుంది. తర్వాత, "ఆకలేస్తందిరా, టిఫినెక్కడ దొరుకుద్ది?" అంది.

జూన్ 16, మంగళవారం. ఉదయం 5:50

నిన్న రేపల్లెలో ఫోన్లు బాగుచేసే శ్రీనివాస్ నా ఫోన్‌ని వెనకటి వెర్షన్‌కి తిప్పి ఇచ్చాడు. బ్యాటరీ గుర్తు మళ్ళీ నిలువుగా ఉంది.

అక్క ఇరవై ఒకటిన బయల్దేరుతుంది. ఇరవై ఎనిమిది ఆదివారం, సాయంత్రం ఆరింటికి మొదటి ఫోన్ చేస్తానంది అమ్మకి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ట్యాంకు మెట్లెక్కలేదు. నిన్న అన్నం పెడుతూ నన్నడిగింది. వేళాకోళం లేదు గొంతులో.

"ఎక్కడ నిలబడాలో చెప్పరా. అక్కడే నిలబడతా."

కాబట్టి ఇవాళ్టి నుంచి కొత్త దీక్ష. పన్నెండు రోజులు. ఊరంతా, ప్రతి నాలుగు అడుగులకీ ఒకసారి. అప్‌డేట్లు వేయను. ఉపన్యాసాలు లేవు. కోపం... ప్రయత్నిస్తాను.

6:00. ఇంటి గుమ్మం. మైనస్ నూట పదిహేడు.

6:01. నాలుగు అడుగులు తూర్పుకి.