డిక్కీలో ఐదోది

అమ్మాయీ, నువ్వు నవ్వుతావని ఈ ముక్క రాయడం మానేద్దామనే అనుకున్నాను. మొన్న దారిలో కారు టైరు పంక్చరయింది. ముప్పై ఏళ్లుగా వారం వారం నాలుగు టైర్లకూ గాలి చూస్తానని గొప్పలు పోయేవాణ్ణా, తీరా డిక్కీ తెరిస్తే స్టెప్నీ గాలిలేక నీరసంగా పడి ఉంది. మీ అమ్మ గంటసేపు ఎండలో నిలబడింది. మెకానిక్కు వచ్చి, "ఏం పెద్దాయనా, ఐదోదాన్ని దత్తతిచ్చేశారా?" అన్నాడు.

నీకు నెలలు నిండాయి. ఆసుపత్రికి బయల్దేరిన రోజున మీకిలా కాకూడదు. అల్లుణ్ణి ఇవాళే స్టెప్నీకి గాలి కొట్టించమను. కాళ్ల వాపు తగ్గిందా? మజ్జిగ తాగుతున్నావా? పండంటి బిడ్డతో చల్లగా ఉండు తల్లీ.

మా స్టెప్నీకీ గాలి కొట్టించాను. డిక్కీ మూయబోతే, దాని పక్కన మీ అమ్మ బట్టల సంచీ అప్పటికే ఉంది.