రసీదు మీది చిరునామా

మిర్యాలగూడ, మంగళవారం, జూలై 2012

సాయంత్రం త్రిపురారం నుంచి బండి మీద వస్తుంటే కాలువ వంతెన దగ్గర చెకింగ్. కానిస్టేబుల్ ఎదురొచ్చి ముందు తాళంచెవి లాక్కున్నాడు. నాకు లైసెన్సు ఉంది, హెల్మెట్ ఉంది. ఇన్సూరెన్సు మాత్రం మొన్ననే అయిపోయింది.

"ఫైన్ కడతా సార్, రసీదు ఇయ్యుండ్రి. తాళంచెవి గుంజుకునే హక్కు మీకు లేదు," అన్నాను.

అరుస్తాడనుకున్నాను. లైసెన్సులో పేరు చూసి నవ్వాడు. "ఇస్త సారూ, ఎందుకియ్య?" అంటూ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, అందులో ఏదో చూస్తూ రసీదు రాసిచ్చాడు. తాళంచెవి కూడా రెండు చేతులతో ఇచ్చాడు. ఆ మర్యాద నాకు నచ్చలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సుజాత వంట ఆపకుండానే, "రసీదు ఇచ్చిండు గదా, ఇగ పరేషాన్ ఎందుకు? నీకు అందరి మీద అనుమానమే," అంది.

నిజమేనేమో అనుకుని రసీదు మళ్లీ చదివాను. నా లైసెన్సులో ఉన్నది త్రిపురారం చిరునామా. ఇక్కడ కిరాయికి దిగి రెండు నెలలే అయింది. రసీదు మీద మాత్రం ఈ ఇంటి నంబరు ఉంది. పక్కన 'వెనక వాటా' అని కూడా ఉంది. అతను అడగలేదు, నేను చెప్పలేదు.

'వెనక వాటా' అని నేను రాసింది ఒకే ఒక్క కాగితం మీద. చెకింగుల్లో రసీదు లేకుండా ఎంత వసూలు చేస్తున్నారో చెప్పమని పోయిన వారం పోలీసులకే ఇచ్చిన సమాచార హక్కు దరఖాస్తు మీద.

సుజాతకు ఇంకా చెప్పలేదు.