సుజాత ఊపిరి

ఆదివారం, మా ఊరు పద్మనాభం నుంచి వచ్చాక

ఈ రోజు మా కళ్లంలో వరి నూర్పులు. దుమ్ము లేవగానే సుజాతకు ఆయాసం మొదలైంది. కిందటేడూ ఇంతే. నా భార్య పని తప్పించుకుంటోందనుకుని అమ్మ ముందే అనేశాను.

"మా ఊరొత్తేనే నీకు ఆయాసమేటి? నాటకాలాపి గట్టిగా గాలి పీల్సు."

పాపం, పీల్చింది. పీల్చేకొద్దీ పిల్లికూతలు ఎక్కువయ్యాయి. పెదాలు నీలంగా మారాక గానీ నాకు భయం వెయ్యలేదు.

ఆసుపత్రిలో మాస్కు పెట్టి మందు పట్టించాక డాక్టరమ్మ చెప్పింది. "ఇది ఆస్తమా. దుమ్ము పడక లోపలి గొట్టాలు వాచి బిగుసుకుపోయాయి. గాలి చాలక కాదు, నిండిపోయిన గాలిని వదల్లేక ఈ అవస్థ."

ఇంకా పీల్చమన్నది నేనేనని ఆవిడకి చెప్పలేదు. సుజాత కూడా చెప్పలేదు.

అక్కడి నుంచి ఆటోలో ఉక్కునగరం వచ్చేశాం, నేను పనిచేసే స్టీల్ ప్లాంటు కాలనీకి. క్వార్టర్ తలుపు తీశాక సుజాత, "అత్తకి ఫోన్ సెయ్యండి. కంగారు పడతంటాది," అంది.

ఫోన్ చేస్తే, అది నాటకం కాదని అమ్మకి నా నోటితోనే చెప్పాలి.

పడుకునే ముందు సుజాత అడిగింది, "సేసారా?" అని.

చేశానన్నాను. ఇంకా చెయ్యలేదు.