పాట పడని గుమ్మం

1955 నవంబరు 20, ఆదివారం. ఉదయగిరి

ఆ చివరి రోజు గురించి ఇంతవరకు రాయలేదు. రాసి పెట్టాలి.

నవంబరు ఆరు, ఆదివారం. రాహేలమ్మకు జ్వరం వచ్చి పదకొండు రోజులు. పొద్దున రెండు చెంచాల గంజి తాగింది. ఉప్పు చాలలేదంది. తొమ్మిదింటికి డాక్టరు వచ్చి నాడి చూశాడు. చేతులు కడుక్కున్నాడు. పదింటికి చర్చి గంట కొట్టారు. నన్ను వెళ్ళమంది. వెళ్ళలేదు. మధ్యాహ్నం దుప్పటి తీసేయమంది, మళ్ళీ కప్పమంది. మూడున్నరకు నీళ్ళు అడిగింది. గ్లాసు తెచ్చేసరికి అయిపోయింది.

ఇరవై రెండేళ్ళ కాపురం. పిల్లలు లేరు. మరునాడు ఒక్కరోజు సెలవు పెట్టాను, ఆ మర్నాడు స్కూలుకు వెళ్ళి పాఠాలు చెప్పాను.

నవంబరు 27

ఆత్మకూరు బట్టల వ్యాపారి రోశయ్య శెట్టి ఇక్కడి బజారులో కొత్త బ్రాంచి తెరిచాడు. ఇంటింటికీ క్యాలెండరు పంచుతున్నాడు. పశువుల తొట్టిలో బిడ్డ, ఆ కింద అంగడి అడ్రసు. బిడ్డ కన్నా అడ్రసు పెద్దది.

క్రిస్మస్ ఇంకా నాలుగు వారాలు ఉంది. అప్పుడే అందరికీ తొందర.

డిసెంబరు 4, ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ సెక్రటరీ పెంచలయ్య లేచి శుభవార్త అన్నాడు. ఈ ఏడు వేకువ పాటలకు శెట్టి వ్యాను ఇస్తాడట. మైకు, బ్యాటరీ, రంగు బల్బులు. పాడేవాళ్ళకు తెల్ల చీరలు. బదులుగా మొదటి పాట అంగడి ముందు పాడాలి.

నేను లేచి ఆచారం గుర్తు చేశాను. ఆ ఏడాది చావు జరిగిన ఇళ్ళ ముందే మొదట పాడతాం. తాళాలు, డప్పు లేకుండా, నడిచి వెళ్ళి. పాట పడేదాకా ఆ ఇంట్లో పిండివంట చేయరు. పాట పడితే పండగ చేసుకోవచ్చని మిగతావాళ్ళు వచ్చి చెప్పినట్టు. ఈ ఏడు అలాంటి ఇళ్ళు రెండు. నాది ఒకటి. చెరువు అవతల పాళెంలో శీనమ్మది ఒకటి. ఆమె మగడు వేసవిలో చేపలకు వెళ్ళి చెరువులోనే పోయాడు.

ఏంది అయివారూ, కాలం మారలా అన్నాడు పెంచలయ్య. నడిచి పాడితే ఎంతమందికి ఇనపడతాది, మైకులో అయితే దుత్తలూరు దాకా ఇనపడతాది అన్నాడు. పాటల గుంపులో పెద్దామె దేవకమ్మ, అట్టయితే దుత్తలూరోళ్ళు ఆడనే ఉండి ఆమెన్ అంటారులే, మనం మంచం దిగే పనే లేదు అంది. అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక దేవకమ్మ కూడా చీరకు పేరిచ్చింది.

ప్రతి ఏడూ పాట ఎత్తుకునేది రాహేలమ్మ.

డిసెంబరు 8

బజారు నిండా కాగితపు నక్షత్రాలు. రెండు తోకలున్న వాటికి గిరాకీ ఎక్కువట. జ్ఞానులు ఏ తోక వెంట పోవాలో అంగడివాళ్ళే చెప్పాలి.

డిసెంబరు 12

శెట్టి స్వయంగా ఇంటికి వచ్చాడు. కూర్చోమనలేదు, అయినా కూర్చున్నాడు. అమ్మగారి గొంతు ఆత్మకూరులో కూడా తెలుసు, అంగడి మీద కట్టే పెద్ద నక్షత్రానికి ఆమె పేరు రాయిస్తాను అన్నాడు. కింద స్పెషల్ సేల్ అని ఉంటుందా అని అడిగాను. ఉంటుంది గదా, ఆ నక్షత్రం ఖర్చు ఎట్టా వస్తాది మరి అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అంతవరకు మేలు.

వద్దన్నాను. మా ఇంటామె పోయి మూడేళ్ళు అయివారూ, నేను ఒక్కపూట కూడా అంగడి మూయలా, ఆ అంగడే నన్ను నిలబెట్టింది అన్నాడు.

నిజమే కావచ్చు. లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. వెళ్ళిపోయాడు.

డిసెంబరు 16. ఉదయం 5-30

వ్యాను వచ్చింది. నేను నాలుగింటి నుంచి మేలుకునే ఉన్నాను. తలుపు వెనక నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు.

ఎవరూ పాడలేదు. మైకులో గ్రామఫోను రికార్డు. రెండు చరణాలు కాగానే సూది ఎత్తి, పాప్లిన్, మల్లు, పిల్లల గౌన్లు అని ఎవరో చదివారు. చలికి చీరలవాళ్ళు వ్యాను దిగలేదు. తలుపు సందులో నుంచి హ్యాండ్‌బిల్లు లోపలికి వచ్చింది. అయివారి ఇల్లు అయిపోయినట్టే, రాసుకో అని పెంచలయ్య గొంతు.

తలుపు తీయలేదు.

డిసెంబరు 18, ఆదివారం

చర్చి బయట శీనమ్మ నా కోసం కాచుకుని ఉంది. ఇద్దరు ఆడపిల్లలు కొంగు పట్టుకుని ఉన్నారు. పాళేనికి వ్యాను రాలేదు. కట్ట మీద చక్రం పట్టదు. అయితే చెరువు మీదుగా మైకు ఇనపడినాది అంది.

అయివారూ, మీరు సదువుకున్నోరు, పెట్టె పాడితే పాడినట్టేనా, ఈవల ఇనపడితే నేను పొయ్యి మీద బూరెల మూకుడు పెట్టుకోవచ్చునా అని అడిగింది. పిల్లలు అడగతా ఉండారు, నాకైతే వద్దు అంది.

పాస్టరుగారిని అడగమన్నాను. అడిగినానయ్యా, నీ మనసును బట్టి అన్నాడు, నా మనసునే బట్టి అయితే మీ దాకా ఎందుకు వస్తాను అంది.

జవాబు చెప్పకుండా వచ్చేశాను. బి.ఏ. చదివాను.

డిసెంబరు 20

పెంచలయ్య ఇంటికి వెళ్ళాను. నలుగురు చాలు, నడిచి పాళేనికి పంపమన్నాను. కట్టంతా బురద, చీరలు పాడైతాయి అన్నాడు. పాత చీరలతో వెళ్ళమన్నాను. ఆ పాళెంలో పండక్కి గుడ్డలు కొనేది ఎవురులే అయివారూ అన్నాడు.

ఆ మాట మైకులో చెప్పు అన్నాను. అతని భార్య లోపల గిన్నెలు సర్దడం ఆపేసింది.

డిసెంబరు 22

శీనమ్మ పిండి దంచలేదని దేవకమ్మ చెప్పింది. చెబుతున్నంతసేపు నేల చూసింది. నువ్వు రావచ్చు కదా అన్నాను. మోకాళ్ళు అంది. వ్యాను ఎక్కే మోకాళ్ళేనా అన్నాను. అనకుండా ఉండవలసింది. అయినా అన్నందుకు విచారం లేదు.

డిసెంబరు 23, శుక్రవారం

సాయంత్రం గది తలుపు వేసుకుని పాట ఎత్తి చూశాను. రెండో చరణం దగ్గర గొంతు ఆగింది. రెండుసార్లు అక్కడే.

రేపు తెల్లవారుజామున అయిదింటికి కట్ట మీదుగా నడిచి పాళేనికి వెళతాను. శీనమ్మ గుమ్మం ముందు నిలబడి పాడతాను. ఆగితే మళ్ళీ మొదటి నుంచి పాడతాను.