ఒక్క లైను చెరపమన్న బావమరిదికి

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. "బావగారూ, ఒకే ఒక్క లైను. చెరిపేయండి, మీకు పుణ్యముంటుంది" అన్నావు. పదేళ్లుగా 'ఆ ముసలాయన'గా ఉన్న నేను మళ్లీ బావగారినయ్యాను, సంతోషం.

మీ ఆఫీసు కంప్యూటర్లలో ఎవరు ఏం చేశారో నమోదు చేసే ప్రోగ్రాం నేను రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చిందే. "ఊరికే పంచే సరుకుని ఎవడు వాడతాడండీ!" అని భోజనాల దగ్గర పదిమందిలో నవ్వావు. ఇప్పుడు మీ కంప్యూటర్లలో దొంగలు పడేసరికి మీ డైరెక్టరు ఆ నమోదంతా నాకు పంపి, పరిశీలించి చెప్పమన్నాడు.

చూశాను. ఆఫీసులో నువ్వు చూస్తున్న సినిమా ఆగి ఆగి వస్తోందని మధ్యాహ్నం రెండుంపావుకి నెట్‌వర్క్ కాపలా ఆపేసింది నువ్వే. ఆ సందులోనే దొంగలు చొరబడ్డారు. నింద మాత్రం కొత్తగా చేరిన అమ్మాయి మీద వేశావు. సోమవారం ఆమె ఉద్యోగం ఊడుతుందట.

ఆ నమోదులో ప్రతి లైనూ వెనకటి లైనుకు ముడిపడి ఉంటుంది. ఒకటి తీసేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. దాన్నే నువ్వు చాదస్తమన్నావు. ఓడిన యుద్ధాలను శాసనాల్లోంచి చెక్కించేసిన రాజుల గురించి చాలా చదివాను. నీకు ఉలి దొరకలేదు, పాపం. నాకు రాయకముందు మూడుసార్లు చెరపబోయావు. అవీ నమోదయ్యాయి.

మీ డైరెక్టరుకు నా జవాబు సోమవారం పొద్దున్నే వెళుతుంది. ఈలోగా నువ్వే వెళ్లి ఒప్పుకో.

మీ అక్కకు ఇంకా చెప్పలేదు. నా ప్రోగ్రాంలో పాత నమోదులు ఏడాదికి వాటంతటవే పోతాయి. ఆవిడ దగ్గర ఆ ఏర్పాటు లేదు.

ఇట్లు,
చాదస్తపు బావ